మచ్చు తీసిన ఏడుపు

విద్యార్థికి ఒత్తిడి ఉండటం తప్పు కాదు, దాన్ని కొలవకుండా వదిలెయ్యడం తప్పు. రెండువేల నాలుగులో గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే రోడ్డు మీద వెలసిన ఒక రెసిడెన్షియల్ ఇంటర్ కళాశాల ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించింది.

ఛైర్మన్ నాగేంద్రబాబు గారు అంతకుముందు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. బస్తాల్లోంచి ఒక గుప్పెడు మచ్చు తీసి, మొత్తం లాటుకి ధర కట్టడం ఆయనకి వచ్చిన విద్య. (కళాశాల భవనం కూడా మొదట గోడౌనే. కిటికీలు లేకపోవడాన్ని బ్రోచర్లో ఏకాగ్రత అన్నారు.) అందుకని ఇక్కడా సెక్షన్‌కి ఒక్కరినే మచ్చు తీసేవారు. ఆ ఒక్కరూ ఏడిస్తే అందరికీ ఒత్తిడి ఉన్నట్టు, రెండు రోజులు ఇళ్లకి పంపుతారు. ఏడవకపోతే అందరూ హాయిగా ఉన్నట్టే, ఆదివారం కూడా క్లాసు. (ఇది రాస్తున్న నాకు కోపమేమీ లేదు. దాన్నీ కొలుస్తారేమోనని భయం.)

పరీక్షించడానికి యార్డులో మిరపకాయల తేమ చూసే యేసుపాదం గారిని తెచ్చి, విద్యార్థి తేమ పరిశీలనాధికారి అని హోదా ఇచ్చారు.

ఈసారి బైపీసీ అమ్మాయిల తరఫున మచ్చు రెబ్కా. ఈ పిల్లకి కంగారు పుడితే నవ్వొస్తుంది. పర్చూరులో వాళ్లక్కకి బాబు పుట్టి నెలయింది, ఇంకా చూడలేదు. పక్క మంచం ఖైరున్నీసా మెస్సులోంచి ఎండుమిరపకాయ తెచ్చింది.

"కళ్లకి రుద్దుకోవే. అందరం ఇళ్లకెళ్తాం."

"మండిద్దే."

"మండాలనేగా."

రుద్దుకుంది. ధారలు కట్టాయి. సెక్షనంతా బ్యాగులు సర్దుకుంది.

యేసుపాదం గారు రెబ్కా ఎదురుగా కూర్చుని గాలి పీల్చారు. తుమ్మారు.

"ఇది తేజ రకం మిరపకాయమ్మా," అన్నారు ఎంతో మర్యాదగా. "కోల్డ్ స్టోరేజీ సరుకు. ఇందులో నీ ఏడుపెంత?"

రెబ్కాకి నవ్వొచ్చింది. ఆయన 'కన్నీరు కల్తీ, ఒత్తిడి లేదు' అని రాసుకున్నారు.

"మళ్లీ ఒకసారి చూడండి సార్. మా అక్క కొడుకుని చూడాలండి."

"మచ్చు రెండోసారి తీస్తే యార్డులో ఒప్పుకోరమ్మా."

రెబ్కా మొహం కడుక్కుని వచ్చి, అందరూ సర్దుకున్న బ్యాగులు విప్పుతుంటే చూసి, గుమ్మంలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. యేసుపాదం గారు కాసేపు శ్రద్ధగా గమనించి, ఘాటు ఇంకా దిగలేదని కింద ఒక ముక్క చేర్చారు.