ఉప్పు కొలనులో దిగని మొగుడు

మా ఆవిడ సత్యదుర్గ నాతో మాట్లాడడం మానేసింది. ఏం చెప్పాలన్నా గోడకే చెబుతోంది. నేను చేసిన ఘోరమల్లా, బైకు వెనక్కి తీస్తూ ఆవిడ ప్రాణంగా పెంచుకున్న రెండు రంగుల కాగితం పూల మొక్కని తొక్కించెయ్యడం.

కొత్తది కొనిస్తానన్నాను.

"కొన్న మొక్క బతకదని చెప్పు ఆయనకి," అంది గోడతో.

మా అమలాపురం ఆడవాళ్ళ లెక్క అంతే. ఎవరూ చూడకుండా కొట్టుకొచ్చిన కొమ్మే నాటుకుంటుంది. అందుకే నాకు సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన పార్కు గుర్తొచ్చింది. ఉప్పునీటి కొలనులు, చుట్టూ తోటలు, తోటల నిండా కాగితం పూలు. షికారని తీసుకెళ్ళి, ఆవిడకి తెలియకుండా ఓ కొమ్మ లేపేసి, బయటికొచ్చాక చేతిలో పెట్టి మళ్ళీ మొగుణ్ణనిపించుకోవాలని నా పథకం.

ఆవిణ్ణి, ఎండకని తెచ్చుకున్న గొడుగునీ కొలను గట్టున కూర్చోబెట్టి, బాత్రూం పేరు చెప్పి పొదల్లో దూరాను. కొమ్మ విరిచి చొక్కా లోపల దోపుకున్నాను. దానికి ముళ్ళుంటాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

కర్ర మింగినవాడిలా నడిచొచ్చేసరికి ఆవిడ మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది.

"దిగండి," అంది.

నాతోనే అంది! నా కళ్ళు చెమర్చాయి. సగం సంతోషం, సగం ముళ్ళు.

"జలుబుగా ఉంది దుర్గా."

"ఉప్పునీళ్ళు మంచివేనంటండీ. దిగండి!"

ఉప్పు తగిలితే కొమ్మ చస్తుంది. కొమ్మ చస్తే నా కాపురం మళ్ళీ గోడ పాలే. నేను కదల్లేదు. ఆవిడ గొంతు పెంచింది. ఆ అరుపులకి ఈల ఊదుకుంటూ సెక్యూరిటీ గార్డు జోజి వచ్చాడు. వెనకాలే పార్కులో ఉన్న గార్డులందరూ వచ్చేశారు.

"చొక్కా మీద ఆ రక్తపు చుక్కలేంటండీ? ఓసారి పైకెత్తండి," అన్నాడు జోజి.

చొక్కా అంచు రెండు చేతులా పట్టుకున్నాను. మొక్కలు తెంపినవాళ్ళ ఫొటో గేటుకి అంటిస్తామని లోపలికొస్తూనే బోర్డు చదివాను. మా చుట్టాలందరూ ఆదివారాలు వచ్చేది ఇక్కడికే.

"ఆయనకి గజ్జండి," అంది మా ఆవిడ. "ఉప్పునీళ్ళలో నానితే తగ్గుద్దన్నారండి. అందుకే దిగమంటన్నాను."

కొలను క్షణంలో ఖాళీ అయిపోయింది. ఒకాయన తువ్వాలు కూడా వదిలేసి పరిగెత్తాడు.

"దిగకండి బాబో! వెళ్ళిపోండి!" అని గార్డులందరూ దూరం నుంచే నన్ను గేటు దాకా తోలారు. చొక్కా ముట్టుకున్నవాడు లేడు. ఆవిడ ముడిచిన గొడుగు పట్టుకుని, తోట పక్కనుంచి తాపీగా వెనకాల వచ్చింది.

రోడ్డెక్కగానే కొమ్మ బయటికి తీశాను. "ఇదిగో నీ మొక్క!"

"మీరు పొదలో దూరినప్పుడే చూసేనండి. అది ఒకే రంగుదండి," అంటూ ఆవిడ గొడుగు విప్పింది. లోపల కట్టెడు కొమ్మలు, అన్నీ రెండు రంగులవే. "అందరూ మీ చుట్టూనే ఉన్నారు కదండీ. నాకు తీరిక దొరికింది."

నోరు తెరుచుకుని పొట్ట గోక్కున్నాను. ఇప్పుడు నిజంగానే దురద.

"వచ్చేవారం మళ్ళీ వద్దామండీ. తెల్లవి మిగిలిపోయేయి," అంది ప్రేమగా. "మీరు ముందు నడుద్దురు గాని."

"ఆయ్," అన్నాను.