పన్నెండు నుంచి నీళ్లు రావు

దక్షిణ కొరియాలో చొంగ్జు నగరంలోని ఆ అపార్ట్‌మెంట్లలో తొమ్మిది వందల ఇళ్లు. అందరూ చలికాలానికి కిమ్చీ అనే క్యాబేజీ ఊరగాయ పెట్టుకునే వారం అది. ఏ స్నానాలగదిలో చూసినా ఉప్పులో నానుతున్న క్యాబేజీలే. మేనేజరు ఆఫీసులో కంప్యూటరు చూసే గ్యూతే ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: పది గంటలకు ఇంటింటి స్పీకర్లో "గేటు దగ్గరికి ముల్లంగి లారీ వచ్చింది" అని వినిపించడం.

స్పీకర్లు రోజూ "ఈరోజు" అనే ఫైలును వినిపిస్తాయి. నిజానికి అది ఫైలు కాదు. అసలు రికార్డింగు ఎక్కడుందో చెప్పే లింకు. గ్యూతే నవంబరు ఫోల్డర్లో ఉండి, అక్కడి ముల్లంగి "ప్రకటన"కు ఆ లింకును మళ్లించాడు. కళ్లెదుట ఉన్నదానికి పూర్తి చిరునామా ఎందుకులే అని కమాండులో ఉత్త పేరు రాశాడు. లింకు ఆ పేరును అతనున్న చోట వెతకదు, తానున్న ఫోల్డర్లో వెతుకుతుంది. అక్కడ రెండేళ్లనాటి మరో "ప్రకటన" పడి ఉంది.

పది కొట్టగానే స్పీకర్లు పలికాయి: "పన్నెండు నుంచి నీళ్లు రావు."

నిమిషంలో ఓక్బున్ అవ్వ ఫోను. "బాబూ, నలభై క్యాబేజీలు ఉప్పులో వేసుక్కూర్చున్నా. ఇదేం మాట?"

"పొరపాటు అవ్వా. నీళ్లొస్తాయి."

"మీరు వస్తాయన్నప్పుడే రావు." ఫోనులోనే కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

గ్యూతే లింకు అసలు ఎటు పోతోందో పూర్తి దారి చూపమని కంప్యూటరును అడిగాడు. చూపింది. తల పట్టుకుని మైకు అందుకున్నాడు. "నీళ్లు ఆగవు. దయచేసి ఎవరూ పట్టి పెట్టుకోవద్దు."

మొదటి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పట్టుకోవద్దంటున్నారంటే కొరత ఏ స్థాయిలో ఉందో అని, బకెట్లు నింపినవాళ్లు గిన్నెలు కూడా పెట్టారు. పదకొండున్నరకు ట్యాంకు అడుగంటి, మోటార్లు వాటంతటవే ఆగిపోయాయి.

బయటి పని ముగించుకుని మేంగ్ మేనేజరు వచ్చేసరికి, గ్యూతే రాజీనామాలో మొదటి వాక్యం ఆలోచిస్తున్నాడు. వెనకే నివాసుల సంఘం అధ్యక్షురాలు వచ్చింది.

"గంటన్నర ముందే చెప్పి కాపాడారండీ. లేకపోతే కడిగే నీళ్లు లేక ఊరంతా ఉప్పు క్యాబేజీ తినేవాళ్లం."

"ముందుచూపు ఉండాలి కదండీ," అన్నాడు మేనేజరు. ఆమె వెళ్లాక గొంతు తగ్గించాడు. "ట్యాంకు ఖాళీ అవుతుందని ఎలా కనిపెట్టావయ్యా?"

గ్యూతే నోరు తెరిచేలోగా ఫోను మోగింది. నాలుగో బ్లాకులోని అతని ఇంటి నుంచి, భార్య మిరాన్.

"ఏమండీ, చుట్టుపక్కలవాళ్లంతా తొట్లు నింపుకున్నారు. మనకి చుక్క లేదు. నీళ్లు ఆగవని మైకులో మీరే చెప్పారు కదా?"

తొమ్మిది వందల ఇళ్లలో అతని మాట నమ్మింది ఆవిడ ఒక్కతే.