సగంలో మూడో వంతుకు మూడు రంగులు

పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో గుణించి చేతులు దులుపుకునే అనాగరిక యుగం ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇకపై మా అమ్మాయి బడిలో భిన్నాల గుణకారం అవగాహన విభాగం పర్యవేక్షణలోనే జరుగుతుంది. (లెక్కల విభాగమూ ఉంది. దాన్ని మెట్ల కింది గదిలోకి మార్చారు.)

పద్ధతి బహు సులభం. సగాన్ని మూడో వంతుతో గుణించాలంటే ముందు ఒక దీర్ఘచతురస్రం గీయాలి. సగానికి నీలం, మూడో వంతుకు పసుపు వేయాలి. రెండూ కలిసి ఆకుపచ్చగా మారిన గడిని చూసి ఆశ్చర్యపోవాలి. మార్కులన్నీ ఆశ్చర్యానికే. జవాబు మీ ఇష్టం.

మా పిల్లది తొందరపాటు. ఏ రంగూ వేయకుండా ఆరో వంతు అని రాసేసింది. టీచరమ్మ సున్నా వేసి, పక్కన ‘జవాబు సరైనదే, మందలించడమైనది’ అని రాశారు. అవగాహన వచ్చేదాకా ఆటల పీరియడ్‌లో ప్రత్యేక తరగతి అన్నారు. పిల్లేమో పరుగుపందెం జట్టులో ఉంది. ముఖం ముడుచుకుని కూర్చున్న దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

పైగా దానికో సందేహం. గుణిస్తే పెరగాలి కదా, ఇదెందుకు తగ్గింది అని. బడికెళ్లి అడిగితే టీచరమ్మ గొంతు తగ్గించి, తనకూ చిన్నప్పటి నుంచీ అదే అనుమానమని చెప్పి, నన్ను అవగాహనాధికారి దగ్గరికి పంపారు. ఆయన శాంతమూర్తి.

“ముందు పాపకు అర్థం కానివ్వండి సార్. అర్థమయ్యాక అడిగితే తప్పకుండా చెప్తాం.”

ఇంట్లో మా ఆవిడ ఒక రిబ్బను తీసి సగానికి కత్తిరించింది. ఆ సగాన్ని మూడు మడతలు పెట్టి పిల్ల చేతికిచ్చింది.

“ఉన్నదే సగం కదే. అందులో మళ్లీ మూడో వంతంటే తగ్గదా మరి?”

ఓస్, ఇంతేనా అంది పిల్ల.

మర్నాడు ప్రత్యేక తరగతిలో అదే చెప్పింది. అనుమతి లేని మనిషి వల్ల, రంగుల ప్రమేయం లేకుండా అర్థమైనట్టు విచారణలో తేలింది. (రిబ్బను స్వాధీనం చేసుకున్నారు.) మరోసారి ఇలా అర్థమైతే జట్టులోంచి పేరు కొట్టేస్తామన్నారు.

ఇక లాభం లేదని ఆలుమగలం కూర్చోబెట్టి తర్ఫీదిచ్చాం. తర్వాతి పరీక్షలో పిల్ల మూడు రంగులూ గీత దాటకుండా నింపింది. నోరు తెరిచి ఆశ్చర్యపోయింది. జవాబు ఏడు అని రాసింది. పూర్తి మార్కులిచ్చి, ఆ సాయంత్రమే మైదానంలోకి వదిలారు.

బడి గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

“నాన్నా, అది ఏడు కాదు కదా?”

చుట్టూ ఒకసారి చూసి, ఇంటికెళ్లాక చెప్తానన్నాను.