గడి దాటని సంతకం

గడువు దినాంతమున, గోడ గడియారపు చిన్నముల్లు నాలుగును జయించి ఐదుపై దండెత్తుచున్న ఘోర ముహూర్తమున, రక్షణ పరిశోధన నిధుల కార్యాలయపు మూడవ అంతస్తులో, ఏడవ నంబరు కిటికీ యను రణద్వారము చెంత నిలిచిన మహావీరుని చరితము చెప్పెద, ఆలకింపుడు!

తుపాకిపై బిగించినంతనే కటిక చీకటిలో కిలోమీటరు దూరాన పాకు బల్లి తోకను సైతము పట్టి చూపు దుర్భిణిని నిర్మించిన దూరదృష్టి ధురంధరుడతడు. జానెడు దూరమందలి అక్షరము మాత్రము కానరానివాడు. చత్వారమని ఒప్పుకొనుటకంటె చావు మేలని తలచు అహంకారశేఖరుడు. ఇంక దాచనేల, వాడను నేనే.

శత్రువు ఎవ్వడందురా? దరఖాస్తు పదునేడవ పుటలోని గడి. గుమస్తా కన్నుల యెదుటనే అందు సంతకము చేయవలెను. గీతను తాకినచో చెల్లదు. ముందటేడు నా సంతకపు తోక క్రింది గీతను దాటినది. నిరుడు తలకట్టు పైగీతను దాటినది. రెండు మార్లును దరఖాస్తు తిరుగుటపాలో వచ్చినది. ఈసారియు వచ్చెనా, మా ప్రయోగశాలకు తాళమే. ఇరువది రెండేండ్లుగా అందు కటకములు అరగదీయుచున్న, మేమెల్లరము అక్క యని పిలుచు పనిమంతురాలు ఇంటికి పోవలసినదే. ఆమెయే నా ప్రక్కన కాగితము కదలకుండ పట్టుకొని నిలిచినది.

“ఇంకో ఫారం లేదు సార్. పాడుచేస్తే మళ్ళీ వచ్చే ఏడాదే,” అన్నాడు గుమస్తా.

కాగితమును అందుకొని చేయి చాచితిని, గడి మసక. ఇంకను చాచితిని, చేయి అయిపోయినది. కాగితమును కిటికీ గట్టుపై పెట్టి రెండడుగులు వెనుకంజ వేసితిని. ఆహా, గడి సుస్పష్టము! కాని కలము అందదు.

“నా కళ్ళజోడు పెట్టుకోండి సార్,” అన్నది అక్క. గులాబీ రంగు చట్రము. ఒక కాడకు దారపు కట్టు.

“ఓ కటకశిల్పీ!” అని గర్జించితిని. “శత్రుసేనా సింహస్వప్నమగు నేత్రమును సైన్యమునకు ప్రసాదించిన నేను, అరువు కళ్ళజోడు ధరింతునా? కొండ విరుగును గాని ఈ శిరస్సు వంగదు!”

“మీ శిరస్సుతో నాకేం పని సార్, ముక్కు చాలు. నాకింకా మూడేళ్ళ సర్వీసుంది. చిన్నదాని చదువు సగంలో ఉంది. పెట్టుకోండి.”

“పెట్టుకోండి బాబూ, మా వంతు రావాలి,” అన్నది వెనుక వరుస ముక్తకంఠమున.

పెట్టుకొంటిని. గడి కనబడినది. గడి ప్రక్కన, కాగితమును మరల అదిమిపట్టిన అక్క వేళ్ళు కనబడినవి. గాజుపొడికి అరిగి, కొనలు నున్నబడి, అడ్డదిడ్డముగ కోతలు పడిన వేళ్ళు. ఇన్నేండ్లు ప్రక్క బల్లపై పనిచేసిన ఆ వేళ్ళను నేను ఒక్కనాడును చూడలేదు. చాల సిగ్గువేసినది.

అంతట ఊపిరి బిగబట్టి, తోకను కత్తిరించి, తలకట్టును అణచి, అక్షరమక్షరమును నాలుగు గీతల నడుమ బందీ గావించితిని. గుమస్తా భూతద్దము పెట్టి నలుమూలలు శోధించి, “ఊఁ, లోపలే ఉంది,” అని రసీదుపై ముద్ర కొట్టినాడు.

జయము! దిక్కులారా వినుడు, గీతకు నూలుపోగంత ఇవతలనే నా సంతకము ఆగినది! నిధులు వచ్చినవా యని అడుగకుడు, అది వేరొక యుద్ధము.

“ఇక కళ్ళజోడు ఇటివ్వండి సార్.”

“ఒక్క నిమిషం అక్కా,” అని రసీదును ముక్కు చెంతకు తెచ్చుకొంటిని. నాలుగేండ్లకు చేతికందు దూరమున నేను చదివిన మొదటి మాట అదే: అందినది.