నోరు తెరిచినవాడికి నాటకం

ఆ రోజు పొద్దున్న పళ్ళ డాక్టరుగారి భార్య పెట్టుకున్న పని ఒక్కటే. క్లినిక్ తలుపులు తీయడం, కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళని వరసగా లోపలికి పంపడం. తలుపులైతే తీసింది. వచ్చినవాళ్ళే లేరు. నెల్లాళ్ళుగా ఇదే తంతు. ఇలాగే సాగితే క్లినిక్ మూసుకోవాల్సిందేనని ఆవిడకి గుబులుగా ఉంది.

అంతలో లెక్కల మేష్టారు బుగ్గ పట్టుకుని వస్తూ కనిపించారు. హమ్మయ్య అనుకుంది. ఆయన గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, గొడుగు అడ్డం పెట్టుకుని గబగబా రోడ్డు దాటేశారు. ఎండా లేదు, వానా లేదు. అవతల కొత్తగా వెలిసిన పళ్ళ క్లినిక్ మాత్రం ఉంది.

ఆవిడ అసలే అనుమానం మనిషి. పాలు పొంగిపోతే పొయ్యి వంక కాక పక్కింటి వంక చూసే రకం.

"ఏమండీ, ఆ ఎదురుగుండా మూగనోము డాక్టరు మన పేషెంట్లకి ఏదో మందు పెట్టాడండీ!"

"నోరు విప్పి రెండు మాటలు మాట్లాడడు పాపం, అతనేం పెడతాడే?" అన్నారు డాక్టరుగారు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

డాక్టరుగారి హస్తవాసి గొప్పది. పన్ను ఊడిన సంగతి ఊడినవాడికే తెలిసేది కాదు. ఆయనకున్న వ్యసనమల్లా పాత నాటకాలూ, రంగస్థల నటుల ఆత్మకథలూ. కుర్చీలో రోగి నోరు తెరవగానే ఆయనా తెరిచేవారు. "ఈ నాటకం చదవలేదూ? మూడో అంకంలో సేనాపతి ఒక్కడూ నిలబడి మాట్లాడతాడు చూడండీ, చదవకపోతే జన్మ వృథా!" రోగి నోట్లో అద్దం, గొట్టం, డాక్టరుగారి రెండు వేళ్ళు. "ఆఁ... ఆఁ..." అనేవాడు. అది ఉత్సాహమనుకుని, వెళ్ళేటప్పుడు చేతిలో పుస్తకం పెట్టి పంపేవారు. ఇందులో తప్పేమిటో ఆవిడకి తట్టలేదు. పెళ్ళయిన కొత్తలో తనకీ ఓ మహానటుడి ఆత్మకథ ఇచ్చారు. చదివేశానని చెప్పింది. అది వేరే సంగతి.

మధ్యాహ్నం ఆవిడ తలమీంచి ముసుగు కప్పుకుని, గూఢచారిలా రోడ్డు దాటింది. అవతలి క్లినిక్ కిటకిటలాడుతోంది. అందరూ తమవాళ్ళే! మేష్టారైతే పేపరు తలకిందులుగా పట్టుకుని మొహం దాచుకున్నారు. నిలదీద్దామనుకునేలోపు మూగనోము డాక్టరు తలుపు తీసి, లోపలికి రమ్మని చెయ్యి చూపించాడు. ఆ మందేదో లోపలే ఉంటుందనుకుని, వెళ్ళి కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. అతను ఓ పన్ను మీద తట్టి, "పుచ్చింది. తీసేయనా?" అన్నాడు. ఆవిడ వద్దు మొర్రో అంది. నోట్లో అద్దం ఉంది కనక బయటికి "ఆఁ... ఆఁ..." అనే వచ్చింది. అతను సరేనని మత్తుసూది అందుకున్నాడు.

దవడలో దూదితో బయటికొచ్చేసరికి ఎదురుగా డాక్టరుగారు! ముసుగేసుకుని రోడ్డు దాటిన భార్యని కిటికీలోంచి చూసి, ఆయనకీ అనుమానం పుట్టింది.

"ఇన్నేళ్ళ కాపురం! నేనుండగా పరాయివాడి చేత పన్ను పీకించుకుంటావుటే?"

"ఆఁ... ఆఁ..." అందావిడ, కళ్ళనీళ్ళతో.

మేష్టారు చూడలేక లేచారు. "అమ్మాయిని ఏమీ అనకండి. తప్పు మాది. మీ చెయ్యి బంగారం. కానీ మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చోగానే, ఇచ్చిన పుస్తకంలో ఏ అంకం నచ్చిందని అడుగుతారు కదండీ? ఊరందరికీ పరీక్షలు పెట్టినవాణ్ణి, ఈ వయసులో పరీక్ష రాయలేను."

ఆ మాటతో ఒక్కొక్కళ్ళూ, చదవలేక, తిరిగివ్వలేక సంచుల్లో మోసుకు తిరుగుతున్న పుస్తకాలు తీసి బల్లమీద పెట్టారు. డాక్టరుగారి మొహం చిన్నబోయింది. "పోన్లెండి. మా ఆవిడైనా చదివింది. చెప్పవే, ఆ ఆత్మకథ ఎలా ఉంది?"

దూది అడ్డం పెట్టుకుని ఆవిడ తప్పించుకోవచ్చు. కానీ ఆయన మొహం చూశాక మనసొప్పలేదు. పన్ను ఎలాగూ పోయింది, ఇంక అబద్ధమెందుకనిపించింది. దూది తీసి, "నేనూ చదవలేదండీ," అంది.

మర్నాడు క్లినిక్ గుమ్మానికి బోర్డు వేలాడింది: "ఇక్కడ పుస్తకాల గురించి అడగరు". జనం తిరిగొచ్చారు. డాక్టరుగారు నోరు కుట్టేసుకుని పని మొదలుపెట్టారు. గదిలో యంత్రం రొద తప్ప చప్పుడు లేదు. కుర్చీలో ఉన్న మేష్టారు నోట్లో గొట్టం పక్కకి లాగేశారు.

"డాక్టరుగారూ... ఆ సేనాపతి చివరికేమయ్యాడండీ?"

డాక్టరుగారు అనుమానంగా చూశారు. "మీకెందుకూ?"

"మీరు మాట్లాడకపోతే ఆ మిషను రొద వినబడి చస్తున్నానండీ బాబూ!"

డాక్టరుగారు తలుపులోంచి భార్య వంక చూశారు. ఆవిడ కానివ్వమన్నట్టు తలూపింది. సేనాపతి మూడో అంకంలోకి నడిచాడు.

ఆవిడ ఖాళీ అయిన పంటి సందులో నాలుక ఆడించుకుంటూ కౌంటర్ దగ్గర ఆత్మకథ చదువుతోంది. ముప్ఫయ్యో పేజీ దాటింది, మహానటుడు ఇంకా పుట్టలేదు.