బస్తాల్లో వెళ్లిపోయిన లైబ్రరీ

ఆ రోజు ఉదయం సత్యకుమారి వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఆమె మున్సిపల్ లైబ్రరీలో లైబ్రేరియన్. పదకొండు గంటలకు కౌన్సిల్ వాళ్లు వస్తున్నారు. కప్పు కారుతున్న ఆ పాత భవనానికి మరమ్మతులు చేయించాలా, లేక లైబ్రరీ ఎత్తేసి అక్కడ పొడి చెత్త కేంద్రం పెట్టాలా అన్నది తేల్చేస్తారు. వాళ్లు వచ్చేలోగా చెమ్మ పట్టిన పుస్తకాలను ఎండలో ఆరబెడదామని ఎనిమిదింటికే వచ్చి, వాటిని ఆరు బస్తాల్లోకెత్తి మెట్ల మీదికి చేర్చింది. కింద పరచడానికి పట్టా కోసం లోపలికెళ్లింది. పట్టా దొరికేసరికి మెట్లు ఖాళీగా ఉన్నాయి.

ఇళ్ల ముందు పెట్టిన పాత కాగితాలు, అట్టపెట్టెలు పట్టుకెళ్లే మున్సిపాలిటీ వ్యాన్ ఆ వారమే మొదలైంది. అది సందు మలుపు తిరుగుతుండగా ఆమె చూసింది. వెనక రాసి ఉన్న నంబరుకి పదిసార్లు ఫోన్ చేస్తే డ్రైవర్ బుల్లియ్య ఎత్తాడు.

"అవి లైబ్రరీ పుస్తకాలయ్యా!"

"అయ్యబాబోయ్! ఎంత పద్ధతిగా మూటలు కట్టారోనని మెచ్చుకున్నానండి! షెడ్డు దగ్గర దింపితే దారినపోయేవాళ్లు తలా రెండు పట్టుకుపోయారండి. చెత్తే కదా అని నేనూ ఊరుకున్నాను. మీరేం కంగారు పడకండి మేడమ్, మన బండికి మైకుంది!"

మైకులో అప్పటికే ఒక రికార్డింగ్ ఉంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలనీ, లేనిచో చర్యలు తీసుకోబడుననీ దాని సారాంశం. బుల్లియ్య దాని మీదే తన గొంతు రికార్డు చేశాడు. అయితే అతని మాట ముందే అయిపోయి, పాత దాని తోక మిగిలిపోయింది. ఊరు ఊరంతా విన్నది ఇదీ:

"లైబ్రరీ పుస్తకాలు ఎవరి దగ్గరున్నా పదకొండు గంటల్లోగా లైబ్రరీలో ఇచ్చేయాలండి. లేనిచో చర్యలు తీసుకోబడును."

కాలవ వంతెన దాటేసరికి ఆ చర్య కుళాయి కట్ చేయడమైంది. చేపల మార్కెట్ చేరేసరికి పోలీసులొస్తున్నారని తేలింది.

పావుగంటలో చేపలమ్మే వీరదుర్గ పరిగెత్తుకొచ్చింది. చేతిలో పిల్లల కథల పుస్తకం. "ఆరో తరగతిలో తీసుకున్నానండి. ఇప్పుడు మా పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది. కేసు పెడతారాండీ?"

ఆమె వెనక ఒక పెద్దాయన. "మా ఇంట్లో లైబ్రరీ పుస్తకం లేదండి. ఎందుకైనా మంచిదని మావాడి టెన్త్ గైడ్ తెచ్చాను. రాసుకోండి."

పదకొండు గంటలకు చైర్‌పర్సన్ ఆశాజ్యోతి గారు కారు దిగేసరికి జనం లైను వంతెన దాకా ఉంది. ఈ రోజుల్లో పుస్తకాలు ఎవడు చదువుతాడండీ అని ప్రతి మీటింగులోనూ అడిగే కౌన్సిలర్ పాపారాజు గారు నోరు తెరుచుకుని నిలబడిపోయారు. లైను మధ్యలో, కొంగు కింద లావుపాటి నవల దాచుకుని, ఆయన భార్య సూర్యకాంతమ్మ కనిపించింది.

"నువ్వేంటి ఇక్కడ?"

"మెల్లిగా మాట్లాడండి. మీ పేరు మీదే తీసుకున్నాను. పదకొండేళ్లయింది."

ఇంతలో ఆశాజ్యోతి గారు అడిగారు. "సత్యకుమారి గారూ, రోజూ జనం ఇలాగే వస్తారాండి?"

సత్యకుమారి ఒకసారి లైను వైపు చూసింది. నిజం చెబితే ఆరు బస్తాల సంగతీ చెప్పాలి.

"ఇవాళ కొంచెం ఎక్కువండి," అంది.

"అయితే ఒకసారి రిజిస్టర్ చూద్దామా?"

"రిజిస్టర్ ఎందుకు మేడమ్!" పాపారాజు గారు అడ్డొచ్చారు. "కళ్లెదురుగా కనబడుతుంటే! మరమ్మతులు చేయించేద్దాం. చెత్తకి మార్కెట్ వెనక ఖాళీ గోడౌన్ ఉంది కదండీ. ముందు వీళ్లని లోపలికి పంపించండి, పాపం ఎండలో ఉన్నారు."

సాయంత్రానికి బుల్లియ్య మిగిలినవి కూడా తెచ్చి దింపాడు. వెళ్లినవి ఆరు బస్తాలు, వచ్చినవి పద్నాలుగు. సత్యకుమారి ఆ బస్తాల మధ్య కూలబడి, చాలాసేపు తనలో తనే నవ్వుకుంది.

మర్నాడు తీర్మానం కాపీ వచ్చింది. కొత్త కప్పు, కొత్త ర్యాకులు, నాలుగు ఫ్యాన్లు. ఆనందంగా కింది దాకా చదివింది.

"పాఠకుల రద్దీ దృష్ట్యా, లైబ్రరీకి శుక్రవారం నాటి వారపు సెలవు రద్దు చేయడమైనది."