పొలిమేర దాటిన పందిజ్వరం

ఉపాయం లేనివాణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టమన్నారు పెద్దలు. ఆ లెక్కన నల్లమాడ పక్కనున్న ఆ పల్లెలో చివరిదాకా మిగిలేవాడు ఓబుళేసు ఒక్కడే. ఉపాయాలకు అతని దగ్గర ఏనాడూ కరువు లేదు, కరువంతా అవి పారడంలోనే. వేరుశనగ చేన్లోకి అడవిపందులు రాకుండా పెళ్ళాం ఎర్రచీరను కట్టెకు కడితే, పందులు రానే వచ్చాయి, పక్క చేని ఎద్దులు మాత్రం బెదిరి పలుపులు తెంపుకున్నాయి.

అది పందిజ్వరం వచ్చిన యేడు. మూతులకు గుడ్డలు కట్టుకున్న మనుషులను టీవీ పొద్దస్తమానం చూపించేది. బడికి సెలవులిచ్చారు. ఎనిమిదో తరగతి చదివే కూతురు చౌడేశ్వరి మొదట ఎగిరి గంతేసింది. తర్వాత టీవీ ముందు కూర్చుంది. ఆ తర్వాత మాట్లాడ్డం మానేసింది.

కొళాయి వారానికోసారి వచ్చే ఊళ్ళో గడియకోసారి చేతులు కడిగేది. అన్నం కెలికి లేచిపోయేది. వసపిట్టలా వాగే పిల్ల మూగనోము పట్టేసరికి ఓబుళేసుకు ఇంట్లో కాలు నిలవలేదు. కూతురంటే అతనికి ప్రాణం. ఆ మాట నోటితో చెప్పడు, ఉపాయం పన్నుతాడు.

"మే తిమ్మక్కా, పాప బెదురుకొనిండాది. రోగాన్ని పొలిమేర దాటిస్తా" అన్నాడు భార్యతో.

"రోగమేమన్నా మేకా, తోలేదానికి?"

"మా తాత కాలంలో కలరా వస్తే ఏం చేసినారు? అమ్మోరికి గంప కట్టి పొలిమేర అవతల పెట్టొచ్చినారు. పోయింది కదా."

"దాంతోపాటు మీ తాత కూడా పోయినాడు కదప్పా."

ఓబుళేసు ఆ మాట వినలేదు. వినకపోవడం అతని ఉపాయాల్లోకెల్లా పాతది.

మరుసటి సాయంత్రం కొత్త గంపలో పసుపు, కుంకుమ, పచ్చగాజులు, రవికెగుడ్డ, టెంకాయ, వేపమండలు సర్దాడు. అమ్మవారితో ఎందుకొచ్చిన గొడవని పూర్ణం ఓళిగలు తిమ్మక్కే చేసిచ్చింది.

"చూడు పాపా, రోగమంతా దీంట్లో పెట్టినా. రేపట్నుంచి ఈడ ఉండదు" అన్నాడు. చౌడేశ్వరి గంప వైపు చూసింది కానీ నోరు విప్పలేదు.

పొలిమేర రాయి దాటి గంప దించి, దండం పెట్టి వెనుదిరిగాడు. ఇక వెనక్కి చూడకూడదు. చూస్తే రోగం వెంటబడి వస్తుంది. అంతలో వెనకాల ఎవరో "ఓ అప్పా" అని పిలిచారు. రోగమే పిలుస్తోందనుకొని పరుగందుకున్నాడు.

తెల్లారి కదిరమ్మ దిగింది. ఆమె తిమ్మక్క తల్లి, ఊరు పొలిమేరకు అవతలే. చేతినిండా పచ్చగాజులు.

"ఏమప్పా అల్లుడా, సారె తెచ్చినోడివి ఇంటికొచ్చి ఇయ్యకూడదా? మేకలు తోలుకొస్తా పిలుస్తానే ఉంటి, సిగ్గుపడి ఉరికితివి. గాజులు సరిపోయినాయి. ఓళిగలు నేనూ మీ మామా తింటిమి. నెయ్యి రవంత తక్కువైంది."

ఓబుళేసుకు తాగుతున్న కాఫీ కొరబోయింది. తిమ్మక్క గరిటె పట్టుకొని బయటికొచ్చింది.

"పొలిమేర అవతల మా పుట్టిల్లు ఉండాదని నీకు తెలీదా?"

"నాకు తెలుసు. రోగానికి తెలీదనుకుంటి."

"మా అమ్మ మీదికి రోగాన్ని తోలి, దానికి నాచేతనే ఓళిగలు చేయిస్తివి."

"యా రోగం?" అంది కదిరమ్మ, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

మూలనున్న చౌడేశ్వరి వచ్చి అవ్వను వాటేసుకొని బావురుమంది. "ముసలోళ్ళకే ముందొస్తాదంట అవ్వా. నువ్వు చస్తావు. నాయన సంతకు పోయి తగిలించుకొని చస్తాడు. అమ్మ కూడా చస్తాది. నేనొక్కదాన్నే ఉంటా."

పిల్ల తన ప్రాణానికి భయపడుతోందనే ఇన్నాళ్ళూ అమ్మానాన్నలు అనుకున్నారు. నీ భయమేందని ఒక్కరూ అడగలేదు.

"ముందు ఆ టీవీ నోరు ముయ్యండి. మాట్లాడల్సింది ఈ బిడ్డ, వాగుతాండేది అది" అని కదిరమ్మ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. "మా తమ్ముడు అమ్మోరు పోసి పోయినపుడు నాకూ ఇట్లే ఉండె పాపా. గడపకు వేపాకు కట్టినారు గానీ నన్ను పలకరించినోళ్ళు లేరు. నువ్వు చెప్పు. ఎంతసేపన్నా వింటా."

పిల్ల చెప్పింది. ఏడుస్తూ చెప్పింది, ముక్కు చీదుకొని మళ్ళీ చెప్పింది. మధ్యాహ్నానికి అవ్వ పక్కన కూర్చొని సంగటి ముద్ద తిన్నది.

"చూస్తిరా, నా గంప పనిచేసింది" అన్నాడు ఓబుళేసు మెల్లగా.

చౌడేశ్వరి లేచొచ్చి అతని ఎదుట నిలబడింది. "నాయనా, నీకు బుద్ధుండాదా? మన రోగాన్ని అవతలూరికి తోల్తే ఆడుండేది మనుషులు కాదా? అవ్వకు ఏమన్నా అయ్యింటే?"

"నాయన్ను అట్ల అనొచ్చునా?" అంది తిమ్మక్క. అడ్డం మాత్రం రాలేదు.

ఓబుళేసు తల దించుకున్నాడు. ఈసారి ఏ ఉపాయమూ పన్నలేదు. ఇన్నాళ్ళూ మూగబోయిన కూతురు గొంతు ఇల్లంతా వినిపిస్తోంది.

"తిట్టు పాపా" అన్నాడు. "ఇంకా రవంత తిట్టు."